మాట కింద వేలిముద్ర

సిద్ధమ్మ కొంగుముడి విప్పి, నాలుగు మడతలు పెట్టిన జిరాక్సు కాగితాలు చేతిలో పెట్టే వేళకు మునిరామయ్య కాఫీ తాగుతున్నాడు. ఆ కాఫీ తాను పూర్తిగా తాగాడో లేదో, గ్లాసు ఎక్కడ పెట్టాడో ఆయనకు ఈనాటికీ గుర్తులేదు.

"కోర్టు అమీనా వొచ్చి ఇచ్చిపోయినాడు రైటరయ్యా," అంది సిద్ధమ్మ, అరుగు మీద కూర్చుని మోకాళ్ళు ఒత్తుకుంటూ. "నా మామిడితోపు అమ్ముతానని పన్నెండేండ్ల కిందట నేను రాసిచ్చినానంట. ఎవురో తిరపతాయన కేసేసినాడు. ఆయప్ప పేరు గూడా నేనెప్పుడూ ఇన్లేదు. మా ఊళ్ళో సదువుకున్నోళ్ళు సూసి, ఈ స్టాంపు కాగితం అమ్మింది నువ్వేనని ఎనకాల రాసుండాదన్నారు. ఇంగేం, బతికినా అనుకుని నీ కాడికొచ్చేసినా. నువ్వు సూస్తే దొంగదని ఒక్క నిమిషంలో తేలిపోతాది గదా."

నిమిషం కూడా పట్టలేదు.

మునిరామయ్య ముప్ఫై అయిదేళ్ళు రిజిస్ట్రారాఫీసు ముందర, రేకుల షెడ్డు కింద బల్ల వేసుకుని దస్తావేజులు రాసినవాడు. స్టాంపు కాగితాలు అమ్మే లైసెన్సు కూడా ఉండేది. చిత్తూరు చుట్టుపక్కల పల్లెల్లో సగం మందికి ఆయన పేరు తెలియదు గానీ, 'రైటరు' అంటే చాలు, ఇల్లు చూపించేస్తారు. దొంగ పత్రాన్ని వాసన చూసి పట్టేస్తాడని పేరు. "రాత లేని కాగితం మీద వేలు పెట్టొద్దు, పెడితే మెడ పెట్టినట్టే," అని తన బల్ల దగ్గరికి వచ్చిన ప్రతి రైతుకూ బుద్ధి చెప్పి పంపేవాడు. ఆ బుద్ధి చెప్పిన నోరు ఇదే అని గుర్తుంచుకోండి, దానితో మళ్ళీ పని పడుతుంది.

మొదట ఆయన కన్ను అలవాటు కొద్దీ రాతను చదివింది. ఒకే పుటలో ఇరికించిన పత్రం. అక్షరాలు చీమల బారులా సన్నగా, కిక్కిరిసి ఉన్నాయి. కీర్తిశేషులు మునస్వామి భార్య సిద్ధమ్మ, పాలమాకులపల్లె, కాణిపాకం దారిలో రెండున్నర ఎకరాల తోతాపురి తోపు, తన ఇష్టపూర్వకంగా అమ్మడానికి ఒప్పుకుని... అంతా మామూలే. పత్రం రాసినవాడి పేరు చూస్తే, చచ్చిపోయి ఆరేళ్ళయిన మనిషి పేరు. దొంగదే అక్కా, అనబోయి నోరు తెరిచాడు. అంతలో చివరి వాక్యం కంటబడింది. 'చెట్టు చేమ, గుట్ట గెనిమ, జల తరు పాషాణాది అష్టభోగాలతో సహా.'

తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది.

పొలం గట్టును ఈ సీమలో గెనిమ అంటారు. నోటితో అందరూ అంటారు, పత్రంలో మాత్రం ఎవరూ రాయరు, గట్టు అనే రాస్తారు. పట్టుబట్టి గెనిమ అని రాసే రైటరు తానెరిగినంతలో ఒక్కడే, అది మునిరామయ్యే. రైతు నోట్లో ఉండే మాట రైతు పత్రంలో లేకపోతే ఎట్లా అని ఆయన వాదన. రెండోవాడు ఇంకొకడున్నాడు. ఆయన బల్ల దగ్గర ఎనిమిదేళ్ళు పనిచేసి, రాత నేర్చుకుని, ఆఖరుకు ఆయన కూతురు రూపశ్రీని చేసుకున్న ఢిల్లీబాబు. ఇప్పుడు తిరుపతిలో ప్లాట్ల వ్యాపారం చేస్తున్నాడు.

కాదు, కాదు అనుకుంటూ మునిరామయ్య చూపు కిందికి దించాడు. పుట అడుగున, కుడివైపు, వేలిముద్ర. ఆ ముద్రకు పక్కన ఒక తోక ఉంది. వేలు జారితే ఇంకు సాగి, గోరంత పొడవు తోక పడింది.

ఆ తోక ఎప్పుడు పడిందో, ఎందుకు పడిందో ఆయనకు తెలుసు. ఆ క్షణంలో ఆమె ఎలా నవ్విందో కూడా తెలుసు.

"ఏంది రైటరయ్యా, మాట్లాడవే?" అంది సిద్ధమ్మ. "దొంగదే గదా?"

"వేలు... వేలు నీదే అక్కా," అన్నాడు.

"నాదెట్లయితాది? నేను ఎవురికీ యాడా వేలెయ్యలే. నువ్వు జెప్పిన మాటే గదా అది." ఆమె ఆయన మొహంలోకి చూసింది. అప్పటికీ భయపడలేదు. "సరే, నిదానంగా సూడు. నువ్వుండావు గదా, నాకేం బయం," అని లేచి బస్సుకు వెళ్ళిపోయింది.

అసలు సంగతి చెప్పాలి. కొందరికి పేకాట పిచ్చి, కొందరికి కోడిపందెం పిచ్చి. మునిరామయ్యకు మాటల పిచ్చి. పాత దస్తావేజులు చదవడంతో పట్టుకుంది ఆ జబ్బు. తాతలనాటి పత్రాల్లో చెరువు నిండి పొర్లే చోటును మొరవ అని రాసి ఉంటే, ఆ ఒక్క మాట కోసం పత్రం మూడుసార్లు చదివేవాడు. ఆ తరువాత పుస్తకాల్లోంచి, బస్సుల్లోంచి, సంతల్లోంచి ఏరడం మొదలుపెట్టాడు. ఎక్కడైనా ముసలివాళ్ళు కూర్చుని మాట్లాడుకుంటుంటే చాలు, బెల్లం చుట్టూ చీమలా అక్కడే తిరిగేవాడు. "ఇంటికొచ్చినోళ్ళకు మంచినీళ్ళు ఇయ్యకముందే మాటలు పిండుకుంటాడీ మనిషి," అని భార్య జ్ఞానాంబ ఎకసెక్కాలాడేది.

అయితే రైటరు రైటరే. ఎవరి దగ్గరైనా అరుదైన మాట దొరికితే, ఆ మాట కింద ఇచ్చినవాళ్ళ నిశాని లేకపోతే ఆయనకు ముద్ద దిగేది కాదు. అమ్మినవాడి సంతకం లేని పత్రమూ, చెప్పినవాడి గుర్తు లేని మాటా ఒకటేనట. అందుకని జేబులో ఎప్పుడూ ఇంకు ప్యాడు ఉండేది. కాగితం మధ్యన మాట, అడుగున కుడివైపు వేలిముద్ర. మాటను పెన్సిలుతోనే రాసేవాడు, ఎందుకంటే ముసలివాళ్ళు ఒకటి చెప్పి, కాదబ్బా ఇంకోటి అంటారు. ఇంటికొచ్చాక సిరాతో నోటుబుక్కులోకి ఎక్కించి, వేలిముద్ర ఉన్న కాగితాన్ని ఎర్రగుడ్డలో కట్టి బీరువాలో పెట్టేవాడు.

ఇక ఆ కాగితం ఏమిటంటారా? లైసెన్సు వదిలేసిన రోజున యాభై పైచిలుకు ఖాళీ స్టాంపు కాగితాలు మిగిలాయి. వాపసు చేయాలి. చేయలేదు. ఆ కాగితం మందం, పెన్సిలు దానిమీద నడిచే తీరు, ఆ వాసన, ఇవన్నీ వదులుకోలేకపోయాడు. మంచి మాటకు మంచి కాగితం అనుకున్నాడు. సర్కారుకు ఆయన చేసిన ద్రోహం అదొక్కటే.

ఆరేళ్ళ కిందట ఆషాఢంలో కాణిపాకం వెళ్ళి వస్తూ సిద్ధమ్మ తోపులో ఆగాడు. కాయ కోస్తున్నారు. కోతకొచ్చినవాడు కొన కొమ్మకు ఎగబాకి ఆఖరి కాయ మీద చెయ్యి వేయబోతే, "దాన్ని ముట్టొద్దురా, అది తల్లిమిగులు," అని సిద్ధమ్మ కింది నుంచి అరిచింది. మునిరామయ్య ఉలిక్కిపడి జేబు తడుముకున్నాడు. ప్రతి చెట్టుకూ ఒక్క కాయ విడవాలట. అది కోసినవాడిది కాదు, కొన్నవాడిది కాదు, చెట్టుది. వాళ్ళ అమ్మమ్మ నాటి మాటట. ఏ పుస్తకంలోనూ చూడని మాట, ఏ ఊళ్ళోనూ వినని మాట.

"మాటకు వేలెందుకయ్యా?" అని అడిగింది సిద్ధమ్మ.

"ఈ మాట నీది అక్కా. రేపు ఎవురన్నా నాదే అంటే, నీదేనని సాక్షి ఉండాల గదా."

ఆ మాటకు ఆమెకు నవ్వు ఆగలేదు. "మాటల్ని గూడా దొంగిలిస్తారా ఎవురన్నా?" అని ఒళ్ళంతా ఊగేలా నవ్వింది. కాగితం మీద పెట్టిన వేలు జారింది.

రాత లేని కాగితం మీద వేలు పెట్టొద్దని జిల్లాకంతా చెప్పినవాడు, ముసలామె చెయ్యి తన చేత్తో పట్టుకుని, దాదాపు ఖాళీగా ఉన్న పాత స్టాంపు కాగితం మీద వేలు వేయించాడు. ఆమె ఒక్కతె చేతే కాదు, యాభై రెండు మంది చేత. ఒక్కసారీ అనుమానం రాలేదు. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితితొట్టిలో పడిందట.

సిద్ధమ్మ వెళ్ళిన బాటలోనే కాసేపు చూస్తూ నిలబడి, మునిరామయ్య లోపలికి వచ్చి బీరువా తెరిచాడు. ఎర్రగుడ్డ కట్ట ఉండాల్సిన చోటే ఉంది. లావు కూడా అంతే ఉంది. ఆయన ప్రాణం లేచొచ్చింది. స్టాంపు కాగితాలు అయిపోయాక మళ్ళీ ముట్టని ముడి విప్పాడు. లోపల తెల్ల కాగితాలు. వేలిముద్ర లేదు, మాట లేదు, ఏమీ లేదు. అంగట్లో దొరికే ఉత్త తెల్ల కాగితాలు, లావు సరిపోయేటట్టు లెక్కగా పేర్చి ఉన్నాయి.

ఒకటి పోయిందేమో అనుకుంటే మొత్తం పోయాయి. బీరువా ముందే కూలబడ్డాడు.

జ్ఞానాంబ పరుగెత్తుకొచ్చింది. "తాళం ఎవురికిచ్చినావు?" అని అడిగాడు ఆమెను. ఆమెకు వెంటనే గుర్తుకు రాలేదు. కాసేపటికి, "పోయినేడాది ఉగాదికి అల్లుడొచ్చినాడు గదా, పాత రిజిస్టరేదో కావాలంటే ఇచ్చినా," అంది. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈశ్వరుడి పటం వెనకే వేలాడుతూ ఉండేది ఆ తాళంచెవి.

మర్నాడు మధ్యాహ్నం పైటాలకు ఢిల్లీబాబు వచ్చాడు. మామ ఫోను చేసిన తీరుకే విషయం తెలిసిపోయినట్టుంది. అరటిపళ్ళు తెచ్చాడు. చెప్పులు విడిచి, కాళ్ళు కడుక్కుని, మర్యాదగా లోపలికి వచ్చాడు.

"ముందు కూర్సోండి మామా. బీపీ ఉండే మనిషి మీరు."

"కాగితాలు యాడ?"

"ఉండాయి."

"యాబై రెండు ఉండాల."

"యాబై ఒకటి," అన్నాడు ఢిల్లీబాబు. "ఒకటి కోర్టులో ఉండాది గదా."

కాదంటాడని, కాళ్ళమీద పడతాడని, తప్పయిపోయిందంటాడని మునిరామయ్య రాత్రంతా ఏవేవో ఊహించుకున్నాడు. ఇంత నెమ్మదిగా, తారీకు చెప్పినట్టు చెబుతాడని మాత్రం అనుకోలేదు. చెంప మీద కొట్టినట్టయింది.

"నిజం జెప్తా మామా," అన్నాడు ఢిల్లీబాబు ముందుకు వంగి. ఆ గొంతులో దొంగతనం లేదు, మెచ్చుకోలు ఉంది. "కట్ట ఇప్పి సూసినాక నాకు వారం దినాలు నిద్ర పట్టలే. పాత స్టాంపు కాగితం, అసలైన వేలిముద్ర, మద్దెలో రబ్బరు పెడితే పొయ్యే పెన్సిలు గీతలు. అందురూ ముసిలోళ్ళు, అందురికీ ఎంతో కొంత భూముండేవోళ్ళు. ఇట్లాంటి కట్ట ఏ రైటరుకన్నా దొరికిండాదా? మీరే సెప్పండి."

"నీకు నేను రాత నేర్పించినా గదరా..."

"బాగా నేర్పించినారు. అందుకే ఎవురూ పట్టుకోలే." అరటిపళ్ళ సంచి పక్కకు జరిపాడు. "ఆ ముసిలామెకు పిలకాయలు లేరు, జల్లలు లేరు. ఉండేన్నాళ్ళు ఆ తోపులోనే ఉండనిస్తామని కేసేసిన మావోడు గూడా ఒప్పుకున్నాడు. మీరు నోరు మెదపకుంటే సాలు. కాగితం అమ్మినా, గుర్తులేదు, అంతే. రెండో మాటొస్తే మొదట లోపలికి పొయ్యేది మీరే. వాపసియ్యని స్టాంపు కాగితాలు ఎవురివి? వాటిమీద వేలిముద్రలు ఏయించుకునిందెవురు?"

అతను వెళ్ళిపోయాక రూపశ్రీ ఫోను చేసింది. కూతురు ఏడుస్తుందని, తనకేమీ తెలియదంటుందని మునిరామయ్య ఫోను తీశాడు. "నాయనా," అంది రూపశ్రీ, మామూలు గొంతుతోనే, "ఆయప్ప అంతా సెప్పినాడు. ఆయమ్మకెట్లా ఎవురూ లేరంట గదా. నువ్వేం మనసులో పెట్టుకోబాకు. అన్నం తిన్నావా?"

ఆయన ఫోను పక్కన పెట్టేశాడు. అల్లుడి మాటకు తగిలిన దెబ్బ చెంప మీదైతే, ఇది ఎక్కడ తగిలిందో ఆయనకే తెలియలేదు. ఆ పిల్లకు అయిదేళ్ళప్పుడు పక్కింటి జామకాయ తెంపుకొస్తే, వెనక్కి ఇచ్చి రమ్మని తానే చెయ్యి పట్టుకుని పంపాడు. ఆ పిల్లే ఈ పిల్ల.

సిద్ధమ్మ తరఫు వకీలు దొరస్వామి కబురు పంపాడు. స్టాంపు కాగితం అమ్మినవాడిగా మునిరామయ్య వచ్చి సాక్ష్యం చెప్పాలి. ఆయన చెప్పకపోతే తోపు పోతుంది, చెబితే కూతురి కాపురం పోతుంది, తానూ కేసులో ఇరుక్కుంటాడు. మూడో దారి లేదు.

జ్ఞానాంబ ఏడ్చింది, తిట్టింది, దండం పెట్టింది. "కడుపు సించుకుంటే కాళ్ళ మీదనే పడతాది. బిడ్డ ఉండాది, దాని పిలకాయలు ఉండారు. ఆ సిద్ధమ్మ మనకు బందువా, బలగమా? నోరు మూసుకోండి," అంది.

వాయిదాకు ముందురోజు ఆమె బియ్యం చెరుగుతూ చెరుగుతూ చేట ఆపింది.

"నాకాడ గూడా ఒక మాట రాసుకుని వేలేయించుకున్నారు గదా," అంది. "అదెవురి కాడ ఉండాది?"

"వాడి కాడే. కట్టలో మొదటి కాగితం నీదే."

జ్ఞానాంబ తన ఎడమచేతి బొటనవేలిని చూసుకుంది. తరువాత తలెత్తి గోడలు చూసింది, దూలం చూసింది, దేవుడి గూడు చూసింది. ఆ ఇల్లు ఆమె పుట్టింటివాళ్ళు ఆమె పేర రాసిచ్చింది. చేటలో బియ్యం అలాగే ఉండిపోయాయి.

"తెల్లారి బిన్నా లేచి పొండి," అంది చివరికి. "పొయ్యి ఉండేది ఉండేటట్టు సెప్పి రాండి."

కోర్టులో జనం పలచగానే ఉన్నారు. వెనక బెంచీలో సిద్ధమ్మ ఒక చివర, ఢిల్లీబాబూ రూపశ్రీ ఒక చివర. కూతురు వస్తుందని మునిరామయ్య అనుకోలేదు. బోనులో కటకటాలు గట్టిగా పట్టుకున్నాడు. ముప్ఫై అయిదేళ్ళు ఆయన రాసిన పత్రాలు ఈ కోర్టులో ఎన్నో నిలిచాయి గానీ, ఆయన నిలబడడం ఇదే మొదలు.

దొరస్వామి అడిగాడు, ఈ కాగితం మీరు సిద్ధమ్మకు అమ్మారా అని.

"లేదు. ఎవురికీ అమ్మలే. లైసెన్సు వొదిలేసినప్పుడు వాపసు ఇయ్యకుండా ఇంట్లో పెట్టుకున్న కాగితం అది. తప్పు నాదే."

కోర్టులో ఎవరో దగ్గారు. జడ్జి రాయడం ఆపి తలెత్తింది. ఆమె నడివయసు మనిషి, కళ్ళజోడు మీదుగా చూసే అలవాటు.

"ఆ వేలిముద్ర గూడా నేనే ఏయించినా తల్లీ. పత్రానికి కాదు, ఒక మాటకు. అసలు కాగితం మీ కాడ ఉండాది గదా. మద్దెలో పెన్సిలుతో రాసిన మాట రబ్బరు పెట్టి తుడిసేసి, దానిమీద ఇదంతా రాసినారు. కానీ నా చెయ్యి మూడు కార్బన్లు దిగేటట్టు రాసి రాసి అలవాటైన చెయ్యి. పెన్సిలు పోతాది, ఒత్తు పోదు. ఎలుతురు అడ్డంగా పట్టి సూడండి."

అవతలి వకీలు లేచి ఏదో అన్నాడు. జడ్జి చెయ్యెత్తి ఆపి, ఫైలులోంచి అసలు కాగితం తీసింది. బెంచి గుమాస్తా సెల్లులో టార్చి వెలిగించి బల్లకు ఆనించి పట్టాడు. ఆమె కాగితాన్ని కొంచెం ఇటు వంచింది, కొంచెం అటు వంచింది. కాసేపు ఏమీ లేదు. ఒత్తు కూడా పోయిందేమో, ఇంత చేసీ ఏమీ మిగలలేదేమో అనుకున్నాడు మునిరామయ్య.

"త," అంది జడ్జి. గుమాస్తా కూడా వంగాడు. "ల్లి. మి... గు..." ఆమె గొంతు తగ్గింది. చీమల బారుల్లాంటి సిరా అక్షరాల కింద, ఇంతింత పెద్ద అక్షరాలు గుంతలు పడి ఉన్నాయి. "తల్లిమిగులు. అంటే ఏమిటి?"

మునిరామయ్య చెప్పేలోగా వెనక నుంచి సిద్ధమ్మ లేచింది. "సెట్టుకు ఇడిసే కాయ తల్లీ! కోత కోసినప్పుడు సెట్టుకొకటి ఇడస్తాము. అది మా యమ్మమ్మ మాట. నేనే ఈయనకు సెప్పినా. మాటకు సాక్షి అని నవ్వులాటగా వేలేసినా!" అప్పుడు ఆమెకు అర్థమయింది. అంతవరకూ తన వేలు ఆ కాగితం మీదకు ఎలా వచ్చిందో ఆమెకు తెలియనే తెలియదు. నిలబడ్డ మనిషి నిలబడ్డట్టే మునిరామయ్య వైపు చూసింది. ఆ చూపు ఆయన తట్టుకోలేకపోయాడు.

అవతలి వకీలు అందుకున్నాడు. "అయితే మీ ఇంట్లో ఉన్న కాగితం బయటికి ఎలా వచ్చింది? మీరే అమ్ముకున్నారా?"

ఈ ప్రశ్న వస్తుందని ఆయనకు తెలుసు. వెనక బెంచీలో రూపశ్రీ రెండు చేతులతో నోరు మూసుకుని ఉంది. పసిదానిలా కనబడింది. ఆయన ఆమెను చూస్తూనే చెప్పాడు.

"పోయినేడాది ఉగాది నాడు బీరువా తాళం తీసుకునింది ఢిల్లీబాబు. నా కూతురి మొగుడు. ఈ పత్రం రాసింది గూడా వాడే. గట్టును గెనిమ అని రాయడం నేనే నేర్పించినా. నాకాడ ఇంగా యాబై ఒక్క మంది వేలిముద్రలు ఉండినాయి. అవి గూడా వాడి కాడే ఉండాయి. వాళ్ళను కాపాడండి తల్లీ."

ఢిల్లీబాబు లేచి తలుపు వైపు నడిచాడు, తలుపు దగ్గరున్న కానిస్టేబులు చెయ్యి అడ్డం పెట్టాడు. రూపశ్రీ కదల్లేదు. తండ్రి వైపు ఒక్కసారి చూసి తల తిప్పుకుంది. అప్పటి నుంచీ ఇప్పటిదాకా మళ్ళీ చూడలేదు.

బయట మెట్ల మీద సిద్ధమ్మ ఆయన కోసం ఆగింది. తోపు నిలిచినట్టేనని దొరస్వామి ఆమెకు చెప్పి వెళ్ళాడు. ఆమె మొహంలో ఆ సంతోషం మచ్చుకైనా లేదు.

"బిడ్డ కాపురం గదయ్యా," అంది. "ముందే ఒక మాట నాకు సెప్పకూడదా? తోపు పోతే పోయిండేది. నాకు ఇంగెన్నాళ్ళు?"

"నేను నీకు చేసిన దానికి..."

"నువ్వు మంచోడివే. నీ మంచికే నాకు బయమేస్తా ఉండాది." ఆమె ఎడమచేతి బొటనవేలు పిడికిట్లో మడిచి ఉంది. తెలిసి మడిచిందో, తెలియక మడిచిందో. బస్సెక్కేదాకా ఆ పిడికిలి విప్పలేదు.

పోలీసులు ఢిల్లీబాబును తీసుకుపోయారు. స్టాంపు కాగితాల విషయంలో మునిరామయ్య మీద కూడా కేసు రాశారు. బెయిలు మీద ఇంటికొచ్చిన రోజున ఆయనకు ఆఖరి దెబ్బ తగిలింది. అల్లుడి ఆఫీసులో దొరికినవి పందొమ్మిది కాగితాలే. జ్ఞానాంబది వాటిలో లేదు. మిగిలినవి ఎవరెవరికి ఇచ్చాడో ఢిల్లీబాబు చెప్పడం లేదు. ముప్ఫై రెండు వేలిముద్రలు ఎవరెవరి బీరువాల్లోనో, ఎవరి రాత కోసమో ఎదురుచూస్తూ ఉన్నాయి.

నోటుబుక్కు మాత్రం ఇంట్లోనే ఉంది. ప్రతి మాట పక్కనా పేరు, ఊరు ఉన్నాయి. దాన్ని చంకలో పెట్టుకుని మర్నాడు తెల్లారకముందే, మబ్బుతోనే బస్సెక్కాడు. ముందు చెప్పాలి. పత్రం ఏదైనా వస్తే నమ్మొద్దని, తన పేరు చెప్పి కోర్టుకు పిలవమని, ఒక్కొక్క గడపకూ వెళ్ళి చెప్పాలి. కొన్ని గడపల్లో చెప్పించుకునేవాళ్ళు ఇప్పుడు లేరు.

మొదటి ఇల్లు చంద్రగిరి అవతల సుబ్బన్నది. ఎనభై ఏళ్ళ రైతు. గొర్రెల మంద వాననీళ్ళలో తొక్కిన దారికి ఒక మాట ఇచ్చి ఉన్నాడు. కళ్ళు సరిగా ఆనవు. వాకిట్లో మంచం మీద కూర్చుని, వచ్చింది ఎవరో అడుగుల చప్పుడుకే గుర్తుపట్టాడు.

"రైటరయ్యేనా? యాడబ్బా ఇన్నాళ్ళూ కనపళ్ళే! నువ్వొస్తావని ఒక మాట దాచిపెట్టుకోనుండా. మా నాయన అంటా ఉండె. ఎద్దు కాడి కిందకు రానని మారాం చేస్తే అనే మాట. మర్సిపోతానేమోనని రోజూ పొద్దున లేచి ఒకసారి అనుకుంటా ఉండా." ముసలాయన బోసినోరు నవ్వింది. "ఇంకు డబ్బీ తెచ్చినావు గదా? దా, దా."

అంటూనే ఎడమచెయ్యి ముందుకు చాపాడు. బొటనవేలు నిటారుగా నిలబెట్టి, పంచె అంచుతో శుభ్రంగా తుడిచి మరీ చాపాడు.

మునిరామయ్య నోటుబుక్కు కింద పడేశాడు. ఆ వేలిని రెండు చేతులతో పట్టుకుని, ముసలాయన అరచేతిలోకి మడిచి, పైనుంచి తన చేతులతో మూసేశాడు. చెప్పాలని దారి పొడుగునా కూర్చుకున్న మాటలన్నీ పోయాయి.

"వొద్దు సుబ్బన్నా," అన్నాడు, ఏడుపు ఆపుకోలేక. "ఈ వేలు ఇంగ ఎవురడిగినా ఇయ్యొద్దు. నేనడిగినా సరే, ఇయ్యొద్దు."